గ్రామ్యం, గ్రామీణం, కృత్రిమం: ఒక ప్రత్యయ విచారం

పాణినీయంలో తద్ధితాధికారం నాలుగవ అధ్యాయం మొదటి పాదంలోని 76వ సూత్రంతో ఆరంభమై, అయిదవ అధ్యాయం చివరి సూత్రం వరకు సాగుతుంది. సుమారు నాలుగు వేల సూత్రాల శాస్త్రంలో ఇది నాలుగవ వంతుకు మించిన భాగం. నామం నుండి నామాన్ని, ముఖ్యంగా విశేషణాన్ని, నిష్పన్నం చేసే పద్ధతి చెప్పడానికి మహర్షి ఇంత చోటు కేటాయించినాడు. పాఠశాలలో గురువుగారి ఎదుట కూర్చుండి సిద్ధాంతకౌముది చదివిన రోజులలో మాకు మిక్కిలి కష్టమనిపించిన ప్రకరణం కూడా ఇదే. సంధులు నోటికి పట్టుబడతాయి. సమాసాలు బుద్ధికి అందుతాయి. తద్ధితాలలో మాత్రం ఒక్కొక్క మాటకు ఒక్కొక్క కథ. ఏ ప్రకృతికి ఏ అర్థంలో ఏ ప్రత్యయం వస్తుందో కంఠస్థం చేయడం తప్ప వేరు మార్గం లేదని గురువుగారు చెప్పేవారు. ముప్పది సంవత్సరాలకు పైగా నేనూ నా విద్యార్థులకు ఆ మాటే చెప్పినాను.

ఆ ప్రకరణంలోని రెండు మూడు సూత్రాలను ఈ వ్యాసంలో మరల పరిశీలించదలచినాను. ఇందుకు ప్రేరకాలు రెండు. ఒకటి, 1993లో తరగతిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న. రెండవది, వార్సా నగరంలో నివసించిన ఒక నేత్రవైద్యుడు కల్పించిన భాషలోని ఒకే ఒక్క అక్షరం. ఈ రెంటికీ సంబంధమేమిటన్నది క్రమంగా మనవి చేస్తాను.

నేనప్పుడు ఒక ప్రాచ్య కళాశాలలో వ్యాకరణం బోధిస్తూ ఉన్నాను. ఆనాటి పాఠం శైషికాలు. 'గ్రామ' శబ్దానికి య, ఖఞ్ అనే రెండు ప్రత్యయాలను విధించే సూత్రం (4-2-94) వద్దకు వచ్చినాము. 'య' చేరి గ్రామ్యః. ఖఞ్ చేరి, ఖకారానికి 'ఈన్' ఆదేశం కాగా గ్రామీణః. రూపసిద్ధి నల్లబల్లపై వ్రాసినాను. తెలుగులో ఈ రెంటి ప్రయోగం ఎట్లున్నదో కూడా చెప్పినాను: లక్షణవిరుద్ధమైన భాష గ్రామ్యం, మోటు పరిహాసం గ్రామ్యం, గ్రామాలకు సంబంధించిన పరిశ్రమలు, జీవనం మొదలైనవి గ్రామీణాలు. పాఠం ముగించి పుస్తకం మూయబోతుండగా వెనుక వరుస నుండి ఒక బాలిక లేచి నిలిచినది.

"సార్, మాది ముత్యంపేట. రెండు మాటలూ ఒక్క ఊరు అన్న మాట నుంచే పుట్టినయి గదా. ఒకటి తిట్టెట్లయింది, ఒకటి మర్యాదెట్లయింది? మరి మేం గ్రామ్యులమా, గ్రామీణులమా?"

ముత్యంపేట ఆనాడు కరీంనగరం జిల్లాలోనిది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన తరువాత జగిత్యాల జిల్లాలోనిది. చక్కెర కర్మాగారం ఉన్న ఊరుగా ఆ ప్రాంతమంతటికీ దాని పేరు తెలుసు. ఆ కర్మాగారం 2015లో మూతపడినది. ఆ బాలిక తల్లి బీడీలు చుట్టి ఆమెను చదివిస్తున్నదని మాత్రమే నాకు తెలుసు. ప్రశ్నలో వినయానికి లోపం లేదు. నిజానికి అది మంచి ప్రశ్న. ఒకే ప్రకృతి, ఒకే అర్థాధికారం, రెండు ప్రత్యయాలు. అర్థభేదం ఎక్కడి నుండి వచ్చినది? వైయాకరణుడు అడగవలసిన ప్రశ్నే అది.

నేను చెప్పిన సమాధానం ఇది: "నీవు నోరు విప్పితే తెలుస్తూనే ఉన్నది గదా, నీవు ఏదో."

తరగతి అంతా నవ్వినది. నేనూ నవ్వినాను. ఆమె కూర్చున్నది.

ఆమె చదువు మానలేదు. తరువాతి పరీక్షలలో ఆమె వ్రాసిన సమాధానాలు నిర్దుష్టమైన గ్రాంథికంలో ఉండేవి. అరసున్న సైతం తప్పిపోయేది కాదు. ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైనది. కాని మిగిలిన రెండేండ్లలో ఆమె నా తరగతిలో నోరు విప్పి ఒక్క మాట పలికినట్లు నాకు జ్ఞాపకం లేదు. అప్పట్లో దీనిని నేను క్రమశిక్షణ అనుకున్నాను.

ఇక రెండవ ప్రేరకం. ఉద్యోగవిరమణ చేసి చాలా కాలమైనది. నా దౌహిత్రుడు హైదరాబాదులో భాషాశాస్త్రం చదువుతున్నాడు. సెలవులలో వచ్చినప్పుడు ఒక పలుచని పుస్తకం తెచ్చినాడు. ఎస్పెరాంటో భాషకు ఆంగ్లంలో వ్రాసిన వ్యాకరణమది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చాలా కాలం భాషాశాస్త్రం బోధించిన ఆచార్య ప్రబాల్ దాస్‌గుప్తా, 2007 నుండి 2013 వరకు ప్రపంచ ఎస్పెరాంటో సంఘానికి అధ్యక్షులుగా ఉండినారని అతడు చెప్పగా విని ఆశ్చర్యపడినాను. మన పొరుగునే ఇంత జరిగితే నాకు తెలియలేదు.

"తాతా, ఈ భాషలో విశేషణం చేయడానికి ఒక్కటే ప్రత్యయం. నామం చివర 'ఓ' ఉంటది. అది తీసి 'ఆ' పెడితే విశేషణం. అపవాదాలు లేవు" అన్నాడు.

"కృత్రిమ భాషకు అపవాదాలు ఎందుకుంటాయిరా!" అన్నాను.

వాడు వెంటనే, "కృత్రిమ అన్నదాంట్ల ఏ ప్రత్యయం ఉన్నది తాతా?" అని అడిగినాడు.

అలవాటుగా చెప్పుకుపోయినాను. 'డుకృఞ్' ధాతువు, 'డు' ఇత్తుగా గలది కనుక 'క్త్రి' ప్రత్యయం (3-3-88), 'క్త్రి' అంతమందు గల దానికి నిత్యంగా 'మప్' అనే తద్ధితం (4-4-20), అర్థం 'దానిచేత నిర్వృత్తం', అంటే చేయడం వలన ఏర్పడినది. ఇట్లే వండడం వలన ఏర్పడినది పక్త్రిమం, విత్తడం వలన ఏర్పడినది ఉప్త్రిమం. ఇంతవరకు చెప్పి ఆగిపోయినాను. వండినది కదా అని అన్నాన్ని, విత్తినది కదా అని పైరును ఎవరూ ఈసడించరు. అదే సూత్రం చేత, అదే ప్రత్యయం చేత సిద్ధించిన 'కృత్రిమం' నా నోట ఈసడింపుగా వచ్చినది. ప్రత్యయంలో ఆ అర్థం లేదు. మరి ఎక్కడి నుండి వచ్చినది? ఆ ప్రశ్న నాకు క్రొత్తగా తోచలేదు. ఎవరో ఎప్పుడో అడిగినట్లున్నది. ఎవరు అడిగినారో జ్ఞాపకం రావడానికి మరునాటి ఉదయం వరకు పట్టినది.

ఆ పుస్తకాన్ని శ్రద్ధగా చదివినాను. పాఠకులలో కొందరికి ఈ భాష అపరిచితం కావచ్చును గనుక సంగ్రహంగా చెబుతాను.

లుద్విక్ జామెన్‌హాఫ్ (1859–1917) నాటి రష్యా సామ్రాజ్యంలో చేరి ఉండిన బియావిస్తోక్ పట్టణంలో జన్మించినాడు. ఆ ఊరిలో రష్యన్లు, పోలులు, జర్మన్లు, యూదులు ఎవరి భాష వారు మాట్లాడుకుంటూ పరస్పరం ద్వేషించుకునేవారు. అతడు యూదుడు. ఆ ప్రాంతపు యూదుల ఇండ్లలో పలికే యిడ్డిష్ భాషను చదువుకున్నవారు 'జార్గన్' అని చులకనగా పిలిచేవారు. అది వారి 'గ్రామ్యం' అన్నమాట. జామెన్‌హాఫ్ యౌవనంలో ఆ భాషకు ఒక వ్యాకరణం కూర్చడానికి పూనుకున్నాడు. తరువాత, ఎవరి సొత్తూ కాని భాష ఒకటి అందరికీ రెండవ భాషగా ఉండవలెనని తలచి, 1887లో వార్సాలో ఒక చిన్న పుస్తకం ప్రచురించినాడు. 'ఎస్పెరాంటో' అన్నది అతడు పెట్టుకున్న మారుపేరు. 'ఎస్పేరి' అంటే ఆశించడం; 'ఆంత్' మన శతృప్రత్యయం వంటిది; 'ఓ' నామచిహ్నం. ఆశిస్తున్నవాడు అని అర్థం. ఆ పేరే భాషకు స్థిరపడినది. 1905లో ఫ్రాన్సులోని బులోన్ పట్టణంలో మొదటి ప్రపంచ మహాసభ జరిగినది. పదహారు నియమాలు గల మూలవ్యాకరణం, అభ్యాసాలు, పదసంగ్రహం కలిపి ప్రమాణగ్రంథంగా వెలువడినది కూడా ఆ సంవత్సరమే.

అంతకుముందు జర్మనీలో శ్లెయర్ అనే క్రైస్తవ పురోహితుడు 1879లో వొలపూక్ అనే భాషను సంకల్పించినాడు. అందులో విశేషణ ప్రత్యయం 'ఇక్'! 'గుడ్' అంటే మంచితనం, 'గుడిక్' అంటే మంచి. మన ఠకారానికి 'ఇక' ఆదేశం చేసి ధార్మిక, సామాజిక అని సాధించేవారికి ఇది చూడగానే నవ్వు వస్తుంది. ఇది ఐరోపా భాషల నుండి అతడు గ్రహించినదే కాని మన దగ్గర నుండి తీసుకున్నది కాదు. ఎస్పెరాంటో వచ్చిన కొద్ది కాలానికే వొలపూక్ ప్రచారం సన్నగిల్లినది.

ఎస్పెరాంటోలో 'పాత్రో' అంటే తండ్రి. 'పాత్రా' అంటే తండ్రికి సంబంధించిన. 'పాత్రా దోమో' అంటే తండ్రి ఇల్లు. తండ్రి నుండి సంక్రమించిన ఇల్లయినా, తండ్రి నివసించే ఇల్లయినా, ఆ ఒక్క 'ఆ' చాలు. తక్కినది సందర్భం చూసుకుంటుంది. మనకు 'అక్కడి నుండి వచ్చినది' అన్న అర్థంలో పితృశబ్దానికి ప్రత్యేకంగా సూత్రం చేసి (4-3-79) పిత్ర్యం, పైతృకం అని రెండు రూపాలు సాధించినారు. విశేషణం విశేష్యాన్ని అనుసరించే తీరు మాత్రం ఎస్పెరాంటోలో మనకు పరిచితంగానే ఉంటుంది. 'విలాజో' గ్రామం, 'విలాజా దోమో' గ్రామంలోని ఇల్లు, బహువచనంలో 'విలాజాయ్ దోమోయ్', కర్మార్థంలో 'విలాజాయ్న్ దోమోయ్న్'. లింగం లేదు కాని వచనం, విభక్తి విశేషణానికీ వస్తాయి. 1907లో దీనినుండి చీలి వచ్చిన ఈదో భాష ఈ అనుసరణను విడిచిపెట్టినది. అంటే 'మంచివాడు, మంచివారు' అనే తెలుగు పద్ధతికి వచ్చినది.

ఇట్లా పోల్చుకుంటూ పోతుండగా దౌహిత్రుడు ఒక అభ్యాసం కల్పించినాడు. 'గ్రామ్యభాష' అన్న మాటను ఎస్పెరాంటోలోకి మార్చవలెను. సులభమే గదా అని 'విలాజా లింగ్వో' అన్నాను. లింగ్వో అంటే భాష. "అది పల్లెల భాష అని మాత్రమే అయితది తాతా. తిట్టు రాలేదు" అన్నాడు. తిట్టు రావలెనంటే ఆ భాషలో వేరే ప్రత్యయం ఉన్నది. అది 'ఆచ్'. దోమో ఇల్లు, దోమాచో కొంప. లింగ్వో భాష, లింగ్వాచో పనికిమాలిన భాష. 'లక్షణవిరుద్ధం' అని చెప్పదలిస్తే దానికి మరొక మాట: నియమానికి రేగూలో, విరుద్ధానికి కొంత్రౌ, రెండూ కలిపి చివర 'ఆ' చేర్చి 'కొంత్రౌరేగూలా'. మన 'గ్రామ్యం' అన్న ఒక్క మాట వారి భాషలోకి పోవలెనంటే మూడుగా విడిపోవలసి వచ్చినది: పల్లెకు చెందినది, నియమానికి విరుద్ధమైనది, హేయమైనది.

ఆ కాగితం ముందు పెట్టుకొని నేను చాలాసేపు కూర్చున్నాను. యాభై ఏండ్లకు పైగా ఈ మూడూ నాకు ఒకటే అర్థంగా తోచినవి. పల్లెలో పలికినది కనుక నియమవిరుద్ధం, నియమవిరుద్ధం కనుక హేయం. ఈ 'కనుక'లు రెండూ ఎవరూ నిరూపించినవి కావు. ఒక్క మాటలో కలిసి ఉన్నందున అవి నిరూపణ అవసరం లేనట్లు నాలో నిలిచిపోయినవి. తిట్టదలచినవాడు ఎస్పెరాంటోలో 'ఆచ్' అని పైకి పలికి తిట్టవలెను. విన్నవాడు 'ఎందుకు తిట్టినావు' అని అడగవచ్చును. నేను ఆనాడు ఆ బాలికను తిట్టినాను. కాని వ్యాకరణం చెప్పినట్లు తిట్టినాను. ఎందుకని ఆమె అడగడానికి వీలు లేకపోయినది.

ఇక్కడ పాణినికి అపవాదు రాకుండా చూడవలసిన బాధ్యత నాకున్నది. ఆయన కుత్సను తెలియనివాడు కాదు. అయిదవ అధ్యాయం మూడవ పాదంలో కుత్సితార్థంలో 'క' ప్రత్యయం విధించినాడు (5-3-74): హీనమైన గుర్రం అశ్వకః. కొద్ది సూత్రాల తరువాత అనుకంపార్థంలోనూ (5-3-76) ఇటువంటి ప్రత్యయమే చెప్పినాడు. నింద ఉన్నచోట నింద అని, దయ ఉన్నచోట దయ అని అర్థనిర్దేశం చేసినాడు. జామెన్‌హాఫ్ 'ఆచ్' వంటిదే ఇది.

మరి గ్రామశబ్దం సంగతి? 4-2-94లో కుత్స ప్రసక్తి లేదు. య, ఖఞ్ రెండింటికీ అర్థం ఒక్కటే: అక్కడ పుట్టినది, అక్కడ ఉండేది మొదలైన శైషికార్థాలు. మహర్షి దృష్టిలో గ్రామ్యుడూ గ్రామీణుడూ సమానులు. ఆశ్చర్యం ఏమంటే, అదే పాదంలో నగరశబ్దానికి సూత్రం చేస్తూ కుత్సనాన్ని ఎత్తి చెప్పినాడు. నింద గాని, నేర్పు గాని తోచినప్పుడు నగరశబ్దానికి వుఞ్ ప్రత్యయం చేరి 'నాగరకః' అవుతుంది (4-2-128). ఆ అర్థాలు లేనప్పుడు 'నాగరః' మాత్రమే. నగరవాసులలో దొంగలూ ఉంటారు, ప్రవీణులూ ఉంటారు అని వ్యాఖ్యాతలు ఉదాహరణలతో వివరించినారు. అంటే శాస్త్రంలో నిందకు అవకాశం ఇచ్చినది పట్టణం మాటకు. పల్లె మాటకు కాదు. కాలక్రమంలో మనం దీనిని తలక్రిందులు చేసినాము. నాగరికత అన్నది సభ్యతకు పర్యాయం అయినది. గ్రామ్యం అన్నది అసభ్యతకు పర్యాయం అయినది. ముప్పై ఏండ్లు ఈ రెండు సూత్రాలనూ పాఠం చెప్పినాను. వాటిని ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడలేదు. ఆ బాలిక ప్రశ్నకు సమాధానం ముప్పై నాలుగు సూత్రాల దూరంలో ఉండినది.

తెలుగులో ఈ మాట చరిత్ర మనందరికీ తెలిసినదే. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో, సంజ్ఞాపరిచ్ఛేదంలో, లక్షణానికి విరుద్ధమైన భాషకు గ్రామ్యమని పేరిడినాడు. ఆయనకు ఇది ఒక పారిభాషికసంజ్ఞ. ఆ వెంటనే ఆర్యుల వ్యవహారంలో కానవచ్చినది గ్రాహ్యమని సడలింపు కూడా చేసినాడు. సంజ్ఞ సంజ్ఞగా నిలిచి ఉంటే బాధ లేదు. వృద్ధి, గుణం అన్న సంజ్ఞలను విని ఎవరూ నొచ్చుకోరు. కాని ఈ సంజ్ఞకు లోకంలో అప్పటికే వేరొక అర్థం ఉన్నది. అందువల్ల సంజ్ఞ శాస్త్రం దాటి మనుషుల మీదికి పోయినది. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) వాడుకభాషకు పోరినప్పుడు ప్రతిపక్షులు దానిని 'గ్రామ్యవాదం' అన్నారు; ఆయన పక్షం 'వ్యావహారికం' అన్న పేరుతో నిలిచినది. సవరల భాష నేర్చి దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మహనీయునికి మాటల బరువు తెలియకపోదు. ఆ వాదంలో సగం ఒక విశేషణం స్థానంలో మరొక విశేషణాన్ని నిలపడమే అని నాకిప్పుడు తోస్తున్నది.

ఆ 'వ్యావహారిక' శబ్దసిద్ధి కూడ రమ్యమైనది. 'వి' ఉపసర్గ యకారంగా మారిన చోట వృద్ధికి బదులు ఐజాగమం రావడం సామాన్యవిధి (7-3-3). అందుచేతనే వ్యాకరణం చదివినవాడు వైయాకరణుడైనాడు. ఆ లెక్కన వ్యవహారం నుండి 'వైయవహారికం' రావలెను. కాని స్వాగతాదిగణంలో వ్యవహారశబ్దాన్ని చేర్చి ఆ విధిని నిషేధించినారు (7-3-7). అందుచేత లోకంలో ఉన్నట్లే 'వ్యావహారికం' సాధువైనది. వాడుకను సూచించే మాట దగ్గర శాస్త్రం వాడుకకు తలవంచినది. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. అయినా విద్యార్థులకు చెప్పదగినది.

ఎస్పెరాంటోను పొగడి పాణినిని తక్కువ చేయడం నా అభిప్రాయం కాదు. ఒక్క 'ఆ'తో నడిచే భాషకు నాగర, నాగరక భేదం ఒక ప్రత్యయంలో చూపే సౌకర్యం లేదు. బంగారంతో చేసినదీ, బంగారం వంటిదీ అక్కడ 'ఓరా' అన్న ఒక్క మాటే. వేరుచేయవలెనంటే మరొక మాట చేర్చవలెను. మనకు సువర్ణమయం అన్నప్పుడే సగం సంగతి తెలిసిపోతుంది. పైగా ఏ ప్రత్యయమైనా మనిషి మనసును కట్టివేయలేదు. నేటికీ ఆ భాష మాట్లాడేవారున్నారు. మాట్లాడేవారున్న భాషలో 'విలాజా' అన్న మాటను మూతి విరిచి పలికితే అదీ తిట్టు కాగలదు. జామెన్‌హాఫ్ తలచినట్లు ఒక భాష నేర్చినంత మాత్రాన ద్వేషం పోలేదని చరిత్ర చెబుతున్నది. అతని కుమార్తె లిడియా ఆ భాషను దేశదేశాలలో బోధించినది. 1942లో నాజీలు ఆమెను ట్రెబ్లింకా శిబిరంలో చంపినారు.

నేను గ్రహించినది ఇంతే. కల్పించిన భాష నాకు ఒక ఒరగల్లుగా ఉపకరించినది. ఒరగల్లు బంగారం కాదు. దాని మీద గీసినప్పుడు మన మాటలో ఏది బంగారమో, ఏది కల్తీయో కనబడుతుంది. గ్రామ్యం, కృత్రిమం అన్న రెండు మాటలనూ అట్లు గీసి చూచినాను. రెంటిలోనూ ప్రకృతి నిర్దుష్టం, ప్రత్యయం నిర్దుష్టం. కల్తీ పలికినవానిది.

ఇది వ్రాస్తున్నప్పుడు ఆనాడు నేను చెప్పదగిన పాఠం ఏదో స్పష్టంగా కనబడుతున్నది. "మాది ముత్యంపేట" అని ఆమె ప్రశ్న మొదలుపెట్టినది. అక్కడే పాఠం ఉన్నది. కర్మధారయంలో ము వర్ణకానికి పు, ంపులు ఆదేశాలవుతాయని బాలవ్యాకరణం. సరసము, మాట కలిసి సరసపుమాట, సరసంపుమాట అయినట్లే, ముత్యము, పేట కలిసి ముత్యపుపేట, ముత్యంపుపేట కావలెను. లోకంలో ముత్యంపేట అన్నారు. ముత్యంపుపేటలో పుకారం 'పే' ముందర జారిపోయినదా? లేక ఆదేశం రానే రాక, మువర్ణకంలోని ఉకారం పోయి పూర్ణబిందువు మిగిలినదా? అసలు ముత్యం అన్నది మన వైపు మనుషుల పేరు కూడా. ఆ పేరు గలవాని పేట అయితే అది కర్మధారయమే కాదు, షష్ఠీతత్పురుషం. అప్పుడు పుంప్వాదేశ ప్రసక్తి ఉండదు. తెలుగులో విశేషణం చేసే ప్రత్యయం ఒకటి ఆమె ఊరి పేరులోనే దాగి ఉన్నదో లేదో తేల్చవలసిన సమస్య అది. ఒక పూట తరగతి అంతా ఆ పేరు మీద చర్చ చేయవచ్చును. ఆ ఊరివారు పెద్దలు దానిని ఎట్లా పలుకుతారో చెప్పగలిగినది ఆ గదిలో ఆమె ఒక్కతే. నాకు అప్పుడు తెలియవలసిన విషయాన్ని ఆమె నోటి నుండే వినవలసి ఉండినది.

'మేం గ్రామ్యులమా, గ్రామీణులమా' అన్న ఆమె ప్రశ్నకు శాస్త్రప్రకారం సమాధానం: రెండూ, రెండూ సమానమే, రెంటిలోనూ తప్పు లేదు. ఇది చెప్పడానికి నాకు నిమిషం పట్టి ఉండేది. ముప్పై ఏండ్లు పట్టినది. ఆమె ఇప్పుడు ఏ పాఠశాలలోనో తెలుగు బోధిస్తూ ఉండవచ్చునని నా ఊహ. ఇటువంటి పత్రికలు అధ్యాపకుల గదులకు చేరుతాయి. అందుకే ఈ సమాధానాన్ని ఇక్కడ వ్రాసినాను.

తద్ధితాలు బోధిస్తున్న అధ్యాపకులకు ఒక మనవి. 4-2-94 చెప్పిన రోజుననే 4-2-128 కూడా చెప్పండి. 4-4-20 వద్ద కృత్రిమంతో పాటు పక్త్రిమాన్ని తప్పక చూపండి. వెనుక వరుస నుండి ఎవరైనా లేచి నిలుచుంటే పుస్తకం మూయకండి. ఇందులో శాస్త్రవిషయకంగా స్ఖాలిత్యాలున్నచో విజ్ఞులు సవరింతురుగాక.